అమ్మను తీసుకుపోయిన మోకాళ్లు

మా అమ్మ మోకాళ్లు చాలా మంచి మోకాళ్లు. ఆపరేషన్ చేసిన డాక్టర్ అన్నాడీ మాట. వ్యాయామాలు చేయించినావిడ అంది, ఎక్స్‌రే తీసే మనిషి కూడా అన్నాడు. ఇప్పటికీ మా స్టాఫ్‌రూమ్‌లో ఎవరైనా వాళ్ల అమ్మకో అత్తకో మోకాళ్లు మార్పించాలా వద్దా అని అడిగితే, ఆలోచించకుండా మార్పించండి అంటాను. మా అమ్మకు బ్రహ్మాండంగా పనిచేశాయని చెబుతాను. ఆ తర్వాత సంగతి మాత్రం చెప్పను. అందులో మోకాళ్ల తప్పేమీ లేదు, పైగా చెబితే నమ్మరు.

అమ్మకు నేనొక్కదాన్నే. నాన్న పోయాక ఊళ్లో ఒంటరిగా ఉండేది, ఊరే పోయాక నా దగ్గరికి వచ్చింది. ఊరు పోవడం అంటే మా వైపు వాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. విమానాశ్రయానికని ఇళ్లూ పొలాలూ తీసుకున్నారు, జనానికి వేరేచోట కాలనీ వేశారు. పోచమ్మను కూడా తీసుకెళ్లి కాలనీలో కొత్త గుడి కట్టి నిలబెట్టారు. అందరూ పోయారు గానీ అమ్మ ఆ కాలనీకి పోనంటే పోనంది. శంషాబాద్‌లో మా ఇంటికి వచ్చి, ముందు గదిలో కిటికీ కింద చాప పరుచుకుంది. విమానాలు ఎగరడం మొదలైన ఏడాదికే ఆమె కాళ్లు పూర్తిగా మొరాయించాయి.

నాట్లు వేసీ, కలుపు తీసీ, బురదలో వంగి వంగి అరిగిపోయిన మోకాళ్లవి. మొదట గోడ పట్టుకుని నడిచేది, తర్వాత నా భుజం పట్టుకుంది, చివరికి నేల మీద కూర్చుని జరగడం మొదలుపెట్టింది. బాత్రూమ్ దాకా అలా జరుగుతూ పోయి, వచ్చేటప్పుడు ఏడ్చేది. నేను చూడకుండా ఏడవాలని ప్రయత్నించేది, అదే నాకు ఇంకా మండేది. నాకు కోపం ఎక్కువ. నేను వరండాలోకి వస్తే బడిలో పిల్లలు స్తంభాల చాటుకు పోతారు. ఆ కోపంతోనే ఆమెను ఆపరేషన్‌కు ఒప్పించాను. మా అమ్మ లేచి నడవాలి, అంతకుమించి నాకేమీ అక్కర్లేదు.

బయలుదేరే రోజు పొద్దున్నే అమ్మ పసుపు గుడ్డలో ముడుపు కట్టింది. తనను నడిపిస్తే నడిచొచ్చి బోనం చేస్తానని పోచమ్మకు మొక్కుకుని, ఆ ముడుపును దేవుడి గూట్లో పెట్టి ఆటో ఎక్కింది. దవాఖాన రాజేంద్రనగర్ దాటాక ఉంది. డాక్టర్ కోస్తా వైపు మనిషి, నెమ్మదస్తుడు. ప్లాస్టిక్ బొమ్మ మోకాలు ఒకటి చేతిలో పెట్టి ఆడించి చూపించాడు. ఇరవై ఏళ్లు ఢోకా లేదమ్మా అన్నాడు. ఇరవై ఏండ్లు నేనుంటనా సారూ అని అమ్మ అడిగింది. "మీరున్నా లేకపోయినా అవి ఉంటాయమ్మా," అన్నాడాయన. గదిలో అందరం నవ్వాం. అందరికంటే గట్టిగా అమ్మే నవ్వింది.

ముందు ఒక కాలికి చేశారు, కొన్ని వారాలు ఆగి రెండోదానికి చేశారు. ఆ మధ్య రోజుల గురించి పెద్దగా చెప్పను. మోకాలు వంచించే ఆవిడ వచ్చిందంటే అమ్మ ఆమె ఏడు తరాలనూ తిట్టేది, అయిపోయాక పిలిచి చాయ్ ఇప్పించేది. కుట్లు ఊడదీశారు, వాపు దిగింది, వాకర్ పోయి చేతికర్ర వచ్చింది. కొన్నాళ్లకు కర్ర కూడా తలుపు వెనక మూలకు చేరింది. ఒక సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి అమ్మ వాకిట్లో నిటారుగా నిలబడి పాలవాడితో తగువు పెట్టుకుంటోంది. ఆమె అంత పొడుగు మనిషన్న సంగతే నేను మర్చిపోయాను. గేటు పట్టుకుని ఏడ్చాను.

ఆ ఆషాఢంలోనే కాలనీకి వెళ్లి కొత్త గుడిలో బోనం చేశాం. అమ్మ తలమీద కుండ పెట్టుకుని, పట్టుకోకుండా నడిచింది. కాలనీ జనం ఇనుప మోకాళ్ల మనిషిని చూడటానికి ఇళ్లలోంచి బయటికొచ్చారు.

కొత్త మోకాళ్లతో ఇంట్లోకి కొన్ని కొత్త సంగతులు వచ్చాయి. నడిచినప్పుడు టక్కుమని చిన్న చప్పుడు వచ్చేది. కొందరికి అలా వస్తుంది, భయం లేదన్నాడు డాక్టర్. వంటింట్లో ఉన్నా, పైన బట్టలు ఆరేస్తున్నా ఆ చప్పుడును బట్టి ఆమె ఎక్కడుందో నాకు తెలిసిపోయేది. కింద కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం కుదరదు. కుర్చీలో కూర్చుని తింటే కడుపులోకి దిగదని ఆమె బాధ. కోత గీత పక్కన అరచేయంత మేర చర్మానికి స్పర్శ రాలేదు. అది అలాగే ఉండిపోవచ్చన్నారు. ఒకరోజు కాళ్లకు నూనె రాస్తుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆ చోట పెట్టింది.

"గీడ నేను లేను బిడ్డా," అంది.

చలికాలం వస్తే ఆమె మోకాళ్లు మిగతా ఒంటికంటే చల్లగా ఉండేవి. ముట్టుకుంటే తెలిసేది. వాటికి చలి పెడుతోందని పాత చీర ముక్కలు చుట్టేది. నీకు చలి పెడుతోందా అంటే, నాకు కాదు వాటికి అనేది. విమానం రాబోతుంటే వాటికి ముందే తెలుస్తుందనేది. కబుర్లు చెబుతూ చెబుతూ రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టి ఆగిపోయేది. కాసేపటికి కిటికీ అద్దాలు అదిరేవి. అంతా నీ ఊహ అని కసిరాను గానీ, నేను గమనించినంత వరకు ఆమె చెప్పింది తప్పింది తక్కువ.

దసరాకు మా ఆయన స్కూటర్‌కు, నా కుట్టుమిషన్‌కు, కత్తిపీటకు పసుపు కుంకుమ పెట్టాం. వెనక్కి తిరిగి చూస్తే అమ్మ చీర పైకి లాక్కుని రెండు మోకాళ్లకూ బొట్లు పెట్టుకుంటోంది. అది ఇనుము కాదు, వేరే లోహమని టీచరమ్మలా వివరించబోయాను. లోహమంటే ఇనుమే కదా, ఇంట్లో ఇనుమంతటికీ బొట్టు పెట్టి దీనికి పెట్టకపోతే ఊకుంటదా అంది. మా ఆయన ఆర్టీసీ కండక్టర్, సరదా మనిషి. అత్తమ్మా, కొబ్బరికాయ దేనికి కొట్టాలె, కుడిదానికా ఎడమదానికా అని అడిగాడు. ఆ రోజంతా నవ్వుకున్నాం. ఆ మూడు నాలుగేళ్లూ మంచి రోజులని ఇప్పుడు తెలుస్తోంది.

ఏడాదికోసారి చూపించుకోవడానికి పోయేవాళ్లం. ఆ ఎక్స్‌రేలు నాకు నచ్చేవి కావు. లైటు ముందు పెడితే అమ్మ కాలి ఎముకలు పొగలా, ఉండీ లేనట్టు కనిపించేవి. మోకాళ్లు మాత్రం తెల్లగా, గట్టిగా, ఎవరో అప్పుడే తెచ్చి పెట్టినట్టు ఉండేవి. ఏడాదేడాదికి ఎముక ఇంకొంచెం పలచబడేది, మోకాళ్లు ఏమీ మారేవి కావు. ఫస్ట్ క్లాస్ అనేవాడు డాక్టర్. ఇంటికొచ్చి నేను ఆ ఫిల్ములను బీరువా వెనక్కి తోసేదాన్ని.

తర్వాత అమ్మ మతిమరుపు మొదలైంది. కూరలో ఉప్పు రెండుసార్లు పడటం, ఇచ్చిన చాయ్ మళ్లీ అడగటం, ఇవి ఏ ఇంట్లో లేవు కనుక. మా ఆయన్ని చూసి ఒకరోజు, ఈ పిలగాడు ఎవరని నన్నడిగింది. ఒకసారి నన్ను అక్కా అని పిలిచింది. నోరు జారిందనుకున్నాను. పని తొందరలో నేనూ అప్పుడప్పుడూ బడిలో ఒక పిల్లను ఇంకో పిల్ల పేరుతో పిలుస్తాను.

అప్పట్లో నేను కందుకూరు వైపు ఒక హైస్కూల్లో పనిచేసేదాన్ని. బస్సులు మారి ఇంటికొచ్చేసరికి సాయంత్రమయ్యేది. ఒకరోజు వచ్చేసరికి గ్రిల్ తీసి ఉంది, కుర్చీ ఖాళీ. ఇల్లంతా నిశ్శబ్దం. నేను అమ్మను పిలవలేదు, మోకాళ్ల చప్పుడు కోసం చెవులు రిక్కించి నిలబడ్డాను. అది ఎక్కడా వినిపించలేదు.

విమానాశ్రయం రోడ్డు మీద చాయ్ హోటల్ నడిపే ఒక పెద్దాయన ఆమెను తీసుకొచ్చాడు. మా ఆయనకు ఎరుకైన మనిషి, తెల్లగడ్డం, సాయిబు. అమ్మను స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని నెమ్మదిగా తెచ్చి దించాడు. "పెద్దమ్మ మస్తు తేజ్ నడుస్తుంది మేడం. లారీలకు గూడ ఆగుతలేదు. నేను స్కూటర్ మీద పోతేగాని అందలే," అన్నాడు. గోడ దాకా పోయిందట, విమానాశ్రయం గోడ దాకా. మా ఇంటి నుంచి అది తక్కువ దూరం కాదు. ఆయన వెళ్లాక, ఎక్కడికి పోయావని అమ్మ మీద అరిచాను. అమ్మ కుర్చీలో కూర్చుని మోకాళ్ల వైపు చూసుకుంటోంది. కొత్తవాళ్ల కుక్క పక్కన కూర్చోవాల్సి వచ్చినట్టు, వాటికి తగలకుండా చేతులు పైకి పెట్టుకుంది.

"నేను పోతలేను బిడ్డా. గివి తీస్కపోతున్నయ్," అంది.

 భయం దాచుకోవడానికి ఇంకా గట్టిగా అరిచాను.

తర్వాత అది అలవాటైంది. వేళ ఎప్పుడూ ఒకటే, పొద్దు వాలేముందు. దారి కూడా ఎప్పుడూ ఒకటే. లారీలు, క్యాబులు, విమానం అందుకోవాలని కళ్లు మూసుకుని నడిపే కార్లు, వాటి మధ్యలోంచి ఆ కాళ్లు ఆమెను తీసుకుపోయేవి. గోడ దగ్గర తుపాకులు పట్టుకున్న జవాన్లు. నాకు భయం ఒక్కటే. ఏదో ఒక సాయంత్రం ఆ కాళ్లు అమ్మను తీసుకుపోయి వెనక్కి తీసుకురావు.

మా ఆయన గ్రిల్‌కు తాళం వేద్దామన్నాడు, వేశాం. ఆ వేళకు అమ్మ లేచింది. గ్రిల్ దాకా నడిచింది, తాళం ముట్టుకుంది, తిరిగి వెనక గోడ దాకా నడిచింది. మళ్లీ గ్రిల్ దాకా. పొద్దు పూర్తిగా పోయేవరకు ఆగలేదు. ఆమె ముఖంలో ఏమీ లేదు, నిద్రపోతున్న మనిషి ముఖం. మోకాళ్లు మాత్రం టక్ టక్‌మంటూ పనిచేసుకుపోతున్నాయి. టీవీ చూద్దామని కూర్చున్న మా ఆయన సౌండు పెంచాడు, తర్వాత కట్టేశాడు, తర్వాత లేచి వెళ్లి తాళం తీశాడు. ఆ చప్పుడు వింటూ కూర్చోవడం నా వల్ల కాదన్నాడు. ఆ రోజు అమ్మ వెనక తనే నడిచి, గోడ దాకా పోయి తీసుకొచ్చాడు.

ఆ ఏడు డాక్టర్ దగ్గరికి పోతే ఆయన సంతోషానికి అంతులేదు. అమ్మను దవాఖాన వరండాలో నడిపించి, జూనియర్ డాక్టర్లను పిలిచి చూపించాడు. ఇన్నేళ్ల తర్వాత ఈ వయసులో ఈ నడక చూడండి అన్నాడు. జూనియర్లు ఆమె మోకాళ్లను చూశారు, ఆమె ముఖం ఎవరూ చూడలేదు. నేను జరుగుతున్నది చెప్పాను. అది మెదడుకు సంబంధించింది, వేరే డాక్టర్‌కు చూపించాలన్నాడు. చూపించాం కూడా. ఆ డాక్టర్ వయసన్నాడు, మాత్రలు రాశాడు. కానీ ఆ రోజు ఆ వరండాలో నాకు కోపం ఆగలేదు. "ఆ మోకాళ్లను కొంచెం పాడుచేయడం కుదురుతుందా డాక్టర్ గారూ?" అని అడిగాను. ఆయన హాస్యమనుకుని నవ్వాడు. నేను నవ్వలేదని కాసేపటికి గమనించాడు.

కాలనీ నుంచి మా మేనత్త వచ్చింది. నాన్నకు చెల్లెలు. వచ్చీ రాగానే సంగతంతా విని, దవాఖానల చుట్టూ తిరుగుతున్నందుకు మమ్మల్ని తిట్టి, రోగం తేల్చేసింది.

"ముడుపు గట్టింది ఏ పోచమ్మకు? ఊర్ల పోచమ్మకు. మీరు బోనం జేసింది యాడ? కాలనీల. అమ్మవారు తన బాకీ కోసం గా కాళ్లను గుంజుకుంటున్నది కోడలా."

పోచమ్మను అందరూ కలిసే కాలనీకి తెచ్చారు కదా అన్నాను. రాయిని తెచ్చారు గానీ, ఆ చోటును ఎవరు తేగలరు అంది మేనత్త.  పొద్దున లేచి పిల్లలకు శాస్త్రీయ దృక్పథం గురించి పాఠం చెప్పేదాన్ని, సాయంత్రం కొత్త కుండ కొనుక్కుని ఇంటికొచ్చాను. పీకల దాకా మునిగినవాడికి చలేమిటి.

పాత ఊరి పోచమ్మ గుడి గోడకు అవతల ఎక్కడో ఉండేది. లోపలికి పోనివ్వరని తెలుసు. గోడ బయటే, వేపమండలు కట్టి, దీపం పెట్టి బోనం సిద్ధం చేశాం. అమ్మ తలమీద పెట్టుకుని నడిచింది. రోడ్డు పక్కన చాయ్ హోటల్ సాయిబు లేచి నిలబడి, ఆమె దాటేదాకా కస్టమర్లను కదలనివ్వలేదు. గోడ దగ్గర జవాను అడ్డం వచ్చాడు. ఎక్కడో ఉత్తరాది మనిషి, మా మాట తెలియదు. మా ఆయన వచ్చీరాని హిందీలో చెప్పాడు. ఆ జవాను అమ్మనూ దీపాన్నీ చూసి, టోపీ తీసి పక్కకు జరిగాడు. మేనత్త పసుపు, వేపాకు కలిపిన నీళ్లు సాక పోసింది. నీళ్లు గోడ కిందికి ఇంకిపోయాయి. నేను కళ్లు మూసుకుని దండం పెట్టుకున్నాను, నిజంగానే పెట్టుకున్నాను.

ఆ సాయంత్రం అమ్మ కదల్లేదు. మర్నాడూ కదల్లేదు. మేనత్త విజయగర్వంతో కాలనీకి తిరిగి వెళ్లింది. వారం తిరగకుండానే గదిలో మళ్లీ టక్కుమంది. ఈసారి నడక ఇంకా తొందరగా ఉంది.

రాష్ట్రం వస్తుందని జనం పటాకులు కాల్చిన ఏడాది అది. ఎండలు ముదిరి ఒంటిపూట బడులు మొదలయ్యాయి. మధ్యాహ్నానికే ఇంటికొచ్చేస్తున్నాను కాబట్టి ఒక నిర్ణయానికొచ్చాను. ఆమెను ఆపను, తిరిగి తీసుకురాను, మాట్లాడను. ఆ కాళ్లు ఎక్కడికి తీసుకుపోతాయో వెనకే పోయి చూస్తాను.

పొద్దు వాలుతుండగా అమ్మ లేచింది. నేను చెప్పులు వేసుకున్నాను. రోడ్డు మీద కొంతదూరం మామూలుగానే నడిచింది. హోటల్ దాటాక రోడ్డు వదిలి పక్కకు దిగింది. అక్కడ దారి లేదు, ఖాళీ జాగాలూ కంపచెట్లూ ఉన్నాయి. ఆమె కాళ్లకు మాత్రం దారి తెలుసు. ఒకచోట తల వంచి, ఏదో కొమ్మ కిందినుంచి పోతున్నట్టు పోయింది. అక్కడ చెట్టు లేదు. ఇంకోచోట నేరుగా పోకుండా గుండ్రంగా చుట్టి పోయింది. అక్కడ మా మోటబావి ఉండేది. నేను కూడా చుట్టే పోయాను, నేరుగా పోవడానికి కాళ్లు రాలేదు.

ఆ తర్వాత క్యాబులు ఆపుకునే పెద్ద జాగా వచ్చింది. తారు పోసి చదును చేశారు. డ్రైవర్లు కొందరు నీడలో కూర్చుని పేకాడుతున్నారు. ఆ జాగా అంచుకు వచ్చి అమ్మ ఆగింది. చెప్పులు విడిచి చేత పట్టుకుంది. చీర కుచ్చిళ్లు మోకాళ్ల పైదాకా ఎత్తి దోపుకుంది. సాయంత్రం ఎండలో ఆ రెండు గాట్లూ తెల్లగా కనిపించాయి. ముందు కాలి వేళ్లతో తడిమి చూసి, రాయి దొరికాక అడుగు వేసి, ఎండిన తారు మీద, ఒకప్పటి మా ఊరి వాగు దాటడం మొదలుపెట్టింది. నడుమ లోతు ఎక్కువైనట్టు చేతులు పైకెత్తింది. డ్రైవర్లలో ఒకడు నవ్వాడు. పక్కవాడు వాడి చెయ్యి పట్టుకున్నాడు. ఆమె అవతలి అంచు చేరేదాకా ఎవరూ ముక్క వేయలేదు.

గోడ దగ్గర, ఎప్పుడూ ఆగే చోటే ఆగింది. కుచ్చిళ్లు దింపి, పిండుకుంది. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని గోడలోకి చూస్తూ నిలబడింది. నేను పోయి పక్కన నిలబడ్డాను. నా వైపు తిరిగింది. అంత స్పష్టంగా, అంత స్నేహంగా ఆమె నన్ను చూసి చాలా కాలమైంది.

"అక్కా, బడి ఇడ్సిండ్రా?" అని అడిగింది.

 ఎవరి కోసం వచ్చావని అడిగాను.

"నా బిడ్డ కోసం. వాగుల నీళ్లొచ్చినయ్, చిన్నది దాటలేదు. నేను పోకుంటే గీడనే నిలబడి ఏడుస్తది."

పాత ఊళ్లో పోచమ్మ గుడి వెనకే నేను చదువుకున్న బడి. రెండు గదులు, ముందు వరండా. వాన పడ్డ రోజుల్లో అమ్మ చేలోంచి బురద కాళ్లతోనే వచ్చి, నన్ను వీపున ఎక్కించుకుని వాగు దాటించేది. మేము ఆమె ఇల్లు వెతుక్కుంటోందనుకున్నాం, మొక్కు వెతుక్కుంటోందనుకున్నాం. ఇన్నాళ్లూ ఆమె రోజూ నా కోసమే వచ్చింది. నేను దొరక్క రోజూ ఉత్త చేతుల్తో తిరిగి వెళ్లింది.

"అమ్మా, నేనే," అన్నాను. చెయ్యి పట్టుకున్నాను. "నేనే అమ్మా నీ బిడ్డను."

అమ్మ నా నెరిసిన జుట్టు చూసింది, కళ్లజోడు చూసింది. చెయ్యి మెల్లగా విడిపించుకుంది. పిచ్చిది పాపం అన్నట్టు నవ్వి, ఒక అడుగు దూరం జరిగింది. అప్పుడే గోడ అవతల విమానం ఒకటి లేచింది. ఆ రొద నెత్తి మీదుగా పోయి చల్లారాక, అమ్మ ముఖం వెలిగిపోయింది. నా వైపు కాదు. గోడ మొదట్లో, నడుమెత్తున, ఏమీ లేని చోటును చూసి.

వెనక్కి తిరిగి వంగింది. ఆ మోకాళ్లు అంత వంగవని, వంచకూడదని ఎన్నిసార్లు చెప్పారో. టకటకమంటూ అవి వంగుతూ పోయాయి. చేతులు వెనక్కి పెట్టి, కాసేపు ఆగి, బరువు సర్దుకుని, ఊపిరి బిగబట్టి లేచింది. రెండు చేతులూ వెనక కట్టుకుని, ముందుకు కాస్త వాలి ఇంటిదారి పట్టింది. ఎవరితోనో మాట్లాడుతోంది, గట్టిగా పట్టుకో, కింద సూడకు అంటోంది. నేను వెనకే నడిచాను. వాగు మళ్లీ దాటింది. ఆ పూట నేను విన్నది విన్నట్టు చెబుతున్నాను, నమ్మితే నమ్మండి. మోకాళ్ల చప్పుడు మారింది. అన్నేళ్లుగా ఆ చప్పుడు వింటున్నదాన్ని, నాకు తేడా తెలుసు. అది బరువు మోస్తున్న మనిషి నడక.

ఆ తర్వాత అమ్మ గడప దాటలేదు. గ్రిల్ తెరిచే ఉంచినా పొద్దు వాలే వేళకు లేవలేదు. కుర్చీలో కూర్చుని, పక్కనున్న పీట వైపు చూస్తూ కబుర్లు చెప్పేది. గాలిలో చిక్కు తీసేది, జడ అల్లేది, చివర రిబ్బను ముడి వేసేది. ఇగ నిశ్చింత అన్నాడు మా ఆయన. నేను కోరుకున్నదీ అదే. ఆమె రోడ్డు మీదికి పోవడం లేదు, ఇంట్లో క్షేమంగా ఉంది. అయినా ఆ గదిలోకి పోవాలంటే నాకు కష్టంగా ఉండేది. ఆ పీట మీదున్నదాన్ని చూస్తే అసూయ. ఏ మాటా దాచకుండా చెప్పాలంటే అసూయే, అదీ నా మీద నాకే.

కానీ అమ్మ అన్నం మానేసింది. నేను కంచం పెడితే తీసుకునేది, ఒళ్లో పెట్టుకునేది, వెంటనే దాని మీద కొంగు కప్పేసేది. ఎంత బతిమాలినా చెయ్యి పెట్టేది కాదు. నేను పక్కన కూర్చుని కలిపి నోటికి అందిస్తే పెదాలు బిగించేది. మనిషి రోజురోజుకీ తగ్గిపోతోంది. చీరలో మోకాళ్లు రెండే మిగిలినట్టు పొడుచుకొచ్చాయి. మాత్రలు మార్పించాం, పాలు పట్టించాలని చూశాం, లాభం లేదు. ఇలాగే ఉంటే ఎక్కువ రోజులుండదని మాకు అర్థమవుతూనే ఉంది.

ఒక సాయంత్రం నాకు కోపమూ దుఃఖమూ కలిసి వచ్చాయి. పప్పన్నం కలిపి కంచం ఆమె ఒళ్లో పెట్టి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. నువ్వు తినేదాకా ఇక్కడినుంచి కదలనని చెప్పాను. అమ్మ కంచం మీద కొంగు కప్పింది. చాలాసేపు ఓపిక పట్టింది. పీట వైపు చూసింది, నా వైపు చూసింది. ఇక తప్పదన్నట్టు, ఎంతో మర్యాదగా మాట్లాడింది.

"అక్కా, పొద్దుగూకుతున్నది. నీకు ఇంట్ల అమ్మ లేదా?"

"ఉన్నది," అన్నాను.

"ముసల్దా?"

"ముసల్దే."

"మరి ఆమెను ఒక్కదాన్ని ఇడ్సిపెట్టి గీడ కూసున్నవేంది? పో అక్కా. నీ కోసం సూస్తుంటది."

కొంగు ఎందుకు కప్పుతోందో అప్పుడు తెలిసింది. మా వైపు పసిపిల్లలకు పరాయివాళ్ల ముందు అన్నం పెట్టరు, దిష్టి తాకుతుందని. ఎవరైనా వస్తే తల్లులు కంచం మీద కొంగు కప్పి, వచ్చినవాళ్లు పోయేదాకా ఆగుతారు. బిడ్డ తినకముందు తను తినదు. ఇన్ని రోజులుగా ఆమె నేను పోతానేమోనని చూస్తోంది, ఆకలితో కూర్చుని.

సరే పోతానన్నాను. లేచాను. ఎక్కడికి పోవాలో తోచక వంటింట్లోకి వెళ్లి, తలుపు దగ్గరకు వేసి దాని వెనక నిలబడ్డాను.  తర్వాత కంచం కదిలిన చప్పుడైంది.

"ఆ అక్క పోయింది," అంటోంది అమ్మ. "ఇగ తిను బిడ్డా. నీకొక బుక్క, నాకొక బుక్క."